నలభై గారపళ్లు

పోయిన మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, మదనపల్లెలో మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఒక పళ్ల ఆసుపత్రిలో, నా కింది వరుస ముందుపన్ను ఒకటి ఊడింది. ఊడింది అనడం కన్నా తీశారు అనడమే కచ్చితమైన మాట. చిగురు జబ్బుతో ఏడాదిగా అటూ ఇటూ కదులుతున్న ఆ పన్నును, నా కూతురి వయసైనా లేని డాక్టరమ్మ నొప్పి తెలియకుండా తీసి, నేను తల తిప్పేలోగానే కుర్చీకి రెండడుగుల దూరంలో ఉన్న పసుపు చెత్తసంచిలో వేసేసింది. వేరు కొస నుంచి అంచు దాకా ఇరవై ఒక్క మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది, చేతికిచ్చి ఉంటే కొలిచి చెప్పేదాన్ని. ఒక్కసారి చూపించమని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆ అమ్మాయి అప్పటికే తర్వాతి మనిషిని పిలుస్తూ ఉండటంతో, దూదిని కొరికిపట్టుకుని బయటికి వచ్చి ఆటో ఎక్కాను. మాట్లాడటానికి వీల్లేని ఆ ముప్పావుగంటలోనే, ముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పని ఒక సంగతి వచ్చి నా పక్కన కూర్చుంది, ఇంకా లేవలేదు.

నా తరంవాళ్లకు, అందులోనూ తంబళ్లపల్లె వైపు మెట్ట ఊళ్లలో పుట్టినవాళ్లకు, గారపళ్ల గురించి విడమర్చి చెప్పనక్కరలేదు. బోర్లు రాకముందు కూడా కొన్ని ఊళ్ల బావినీళ్లలోనే ఫ్లోరైడు ఉండేది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వచ్చేసరికి వాటి మీద సుద్దలాంటి తెల్లటి మచ్చలూ, వాటి మధ్య చింతపండు రంగు చారలూ కనిపించేవి. బడిలో తీసిన గుంపు ఫోటోలు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే తీసి చూడండి, మా వైపు పిల్లలందరూ పెదవులు బిగించి ఉంటారు. నేను పళ్ల డాక్టరునయ్యాక మదనపల్లెలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర పనికి చేరాను. అక్కడ నేను గమనించిన మొదటి సంగతి ఏమిటంటే, మామూలు పంటికి నేను పెట్టిన ఫిల్లింగు ఏళ్లకేళ్లు నిలుస్తుంటే, గారపంటికి అదే చేత్తో, అదే మందుతో పెట్టినది కొద్దికాలానికే ఊడివచ్చేది. మావాళ్లు దాన్ని రుమాలు కొసన ముడివేసుకుని తెచ్చి, తప్పు తమదే అన్నట్టు, గట్టిగా నమలలేదమ్మా అని చెప్పుకునేవారు. మా ఊరి పంటికి ఫిల్లింగు ఎందుకు అంటుకోదో, ఎంత బలానికి ఊడుతోందో అంకెల్లో తేల్చాలని నేను పట్టుబట్టాను. పెద్ద డాక్టరుగారు ముందు నవ్వి, తర్వాత ఒప్పుకుని, చివరికి నాకన్నా ఎక్కువగా అందులో మునిగిపోయారు.

అతుకు బలాన్ని కొలవడం చెప్పుకోవడానికి సులువైన పని. ఊడదీసిన పన్నును శుభ్రం చేసి, తడి ఆరకుండా దాచి, పైపు ముక్కంత అచ్చులో నిలబెట్టి, చుట్టూ రెసిను, అంటే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద, పోస్తాం. అది గట్టిపడ్డాక పంటి ముఖం ఒక్కటే బయటికి కనబడేలా గరుకు కాగితం మీద నీళ్లతో అరగదీసి, ఆమ్లం పూసి కడిగి, అంటుమందు రాసి, నీలి వెలుతురు కింద దాని మీద చిన్న స్తంభంలా ఫిల్లింగు కడతాం. మనిషి నోట్లో వేడి కాఫీ, చల్లటి మజ్జిగ పడ్డట్టుగా వాటిని వేడినీళ్లలోకీ మంచునీళ్లలోకీ మార్చిమార్చి ముంచుతాం. ఇప్పుడు దానికీ యంత్రాలున్నాయి గానీ, అప్పట్లో రెండు గిన్నెలు, ఒక చిక్కం, గోడ గడియారం పెట్టుకుని నేనే ముంచాను. ఆ తర్వాత అచ్చును పరీక్షాయంత్రంలో బిగిస్తే, ఉలిలాంటి ఒక ఉక్కు అంచు నిమిషానికి ఒక మిల్లీమీటరు వేగంతో దిగివచ్చి, పంటికీ ఫిల్లింగుకూ మధ్య ఉన్న సందు మీద నొక్కుతుంది. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత టక్కుమని ఒక శబ్దం వస్తుంది, అప్పటి బలమే అతుకు బలం. మామూలు పళ్లు నలభై, గారపళ్లు నలభై పోల్చి చూడాలన్నది మా ఏర్పాటు.

రెసిను విషయంలో ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత కళ్లల్లో మిగిలినది అదే. మా దగ్గర ఉన్నది కట్టుడుపళ్ల కింద చిగురు తయారుచేసే గులాబీ రంగు పొడి. దానితోనే అచ్చులన్నీ పోశాం. తీరా చూస్తే, ఒక్కొక్క అచ్చు ఒకే పన్ను మొలిచిన చిన్న నోరులాగా ఉండేది. అలాంటివి నలభై ఒకే పళ్లెంలో నీళ్ల కింద పెట్టి ఉంచితే, మా ఆయా ఆ గదిని ఊడ్వడం మానేసింది.

పసిపిల్లల పళ్లు పనికిరావు, పుచ్చినవి పనికిరావు. చిగుళ్లు వదులై, పన్ను మాత్రం గట్టిగా మిగిలిన పెద్దవాళ్ల ముందుపళ్లు కావాలి. అందుకని పుంగనూరులో వారానికొకసారి అద్దెగదిలో పళ్లు తీసే రోజున పెద్ద డాక్టరుగారితో నేనూ వెళ్లేదాన్ని. పదకొండు మంది గారపళ్లు ఇచ్చారు. వాళ్లలో ఒక గొర్రెల వ్యాపారి ఉండేవాడు, రెండు పళ్లిచ్చాడు. మా నాన్నగారి అక్క, నా మేనత్త, ఆరు ఇచ్చింది.

అత్త మా ఊళ్లోనే పుట్టి, సోమల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటికి కోడలిగా వెళ్లిన మనిషి. ఆ రోజు కొడుకు, అంటే మా బావ, సైకిలు మీద బస్సుదాకా తెచ్చి ఎక్కించగా ఒంటరిగానే పుంగనూరు వచ్చి, ఆరు పళ్లూ ఒకే విడతలో తీయించుకుని, దూది పక్కకి నెట్టుకుని నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పని కాంగానే తెచ్చియ్యి మే. ఆరుండాయి, లెక్క పెట్టుకో."

పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ, "ఒక్కటీ పోనీయం అవ్వా, పాలిషు పెట్టి మరీ పంపిస్తాం," అన్నారు.

"పాలిషు యాలప్పా, నాకేమన్నా పెండ్లా? ఉండేది ఉన్నట్టిస్తే సాలు."

అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి, దాచడానికి పళ్లు లేవు గనక. అత్త తన పళ్లు తిరిగి అడగడం వేళాకోళంగా తప్ప మరోలా మాకెవరికీ తోచలేదు. పళ్లన్నీ ఒకే సీసాలో పడ్డాయి. ఎవరి పన్ను ఏదో పరీక్ష చేసే మనిషికి తెలియకూడదనీ, అన్నీ కలిపి కళ్లు మూసుకుని పంచాలనీ ఆ పనిలో నియమం. నేను ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను.

అత్త అత్తవారింటి పద్ధతి గురించి నాకు తెలిసింది పళ్లన్నీ కలిసిపోయాకే, బావ నోటనే. మరే ఇంట్లోనూ నేనది వినలేదు. గొర్రె వయసును పళ్లను బట్టి చెప్పడం మన వైపు అందరికీ తెలిసినదే: పాలపళ్లది, రెండు పళ్లది, నాలుగు పళ్లది, కడపళ్లు దిగినది అని సంతలో నోరు తెరిచి చూసి బేరమాడతారు. ఆ ఇంట్లో మనిషికీ అదే లెక్క. పోయినవాళ్ల నోరు పైలోకం వాకిట్లో ఎవరో తెరిచి చూస్తారట. పళ్లు తక్కువగా ఉంటే ఇది ఇంకా లేతది, కాలం తీరలేదు అని లోపలికి రానివ్వకుండా తిప్పి తోలేస్తారట. అలా తిరిగివచ్చినవాళ్లకు ఇక్కడ ఒళ్లు ఉండదు, అక్కడ చోటు ఉండదు, దొడ్డి చుట్టూ తిరుగుతూ ఉంటారట. అందుకని ఆ ఇంట్లో వాళ్లు వయసొచ్చాక ఊడిన ప్రతి పన్నునూ దాచుకుంటారు, మట్టిలో పెట్టేటప్పుడు వెంట పంపిస్తారు. అత్త తనవి సున్నపు డబ్బీలో దాచుకుంటూ వచ్చింది. ఆ డబ్బీలో తక్కువైనవి మా దగ్గరున్న ఆరే.

పరీక్షాయంత్రం కుప్పంలో ఒక ప్రయోగశాలలో ఉండేది. ఇనుప కడ్డీలను లాగి తెంపడానికి కట్టిన ఆ పెద్ద యంత్రం మీద మా చిన్న అచ్చులు బిగించడానికి ప్రత్యేకంగా ఒక పట్టీ చేయించుకోవలసి వచ్చింది. మొదటి రోజంతా మామూలు పళ్లకే సరిపోయింది. ప్రతి విరుపు తర్వాతా భూతద్దం పెట్టి ఎక్కడ విరిగిందో చూసేదాన్ని. కొన్నిట్లో ఫిల్లింగు శుభ్రంగా ఊడివచ్చేది, కొన్నిట్లో ఫిల్లింగే ముక్కలయ్యేది, ఒకటి రెండింటిలో మాత్రం అతుకు చెక్కుచెదరకుండా పన్నే పగిలిపోయేది. అవి చూసినప్పుడు పెద్ద డాక్టరుగారికి పట్టరాని సంతోషం, అంతకన్నా గట్టి అతుకు ఉండదని. నాకు మాత్రం, ఎవరిదో తెలియని ఆ పన్ను అలా నిలువునా చీలడం చూస్తే ఒళ్లు జలదరించేది. మరుసటి రోజు ఉదయం గారపళ్ల వంతు. మొదటి అచ్చును చేతిలోకి తీసుకున్నానో లేదో, ఆఫీసు గదిలో నాకు ఫోను వచ్చిందన్నారు.

బావ. "అమ్మ తెల్లారేసరికి పోయింది మే," అన్నాడు. "పండ్లు దెచ్చుకోని రా. పొద్దు గూకకముందే రా. అవి వచ్చినంకనే ఎత్తేది. చిన్నాయన కదలనీనంటాండాడు."

నేను తిరిగివచ్చి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. పద్నాలుగు నెలల పని ఆ బల్ల మీద తడిగా, వరుసగా కూర్చుని ఉంది, దాని వైపు చూసి మాట్లాడారు. ముసలివాళ్ల ముందుపళ్లన్నీ ఒకటే, ఏవైనా ఆరు తీసుకెళ్లమ్మా, ఎవరికి తెలుస్తుంది, మిగిలిన ముప్పై నాలుగుతో లెక్క సరిపెట్టుకుందాం అన్నారు. న్యాయంగానే తోచింది. నేను నీళ్లలోంచి ఆరు అచ్చులు తీసి పక్కన పెట్టాను కూడా. అయితే లెక్కలు నేర్చుకున్న బుర్ర ఊరుకోదు. నలభైలోంచి చూడకుండా తీసిన ఆరూ కచ్చితంగా అత్తవే కావడానికి ముప్పై ఎనిమిది లక్షల్లో ఒక్క వంతు అవకాశం ఉంది. అంటే అత్త గుమ్మం దాకా వెళ్లి తిరిగివచ్చే అవకాశమే ఇంచుమించు మొత్తం. ఆ పద్ధతిని నేను నమ్మానా అని మీరు అడిగితే, నమ్మలేదు. నమ్మినది అత్త. నోరు తెరిచి నా చేతిలో పెట్టినదీ అత్తే. ఆ ఆరింటినీ తిరిగి పళ్లెంలో వేసి, నలభైనీ కలిపి ఒక స్టీలు క్యానులోకి ఎత్తాను.

పెద్ద డాక్టరుగారు నన్ను ఆపలేదు. నేను గుమ్మం దాటుతుంటే మాత్రం, "మరి మీ ఊరి పంటికి ఫిల్లింగు అంటుతుందా అంటదా, ఇంక ఎవరు చెప్తారు?" అని అడిగారు. నేను క్యాను మూత గట్టిగా బిగించి బస్టాండు వైపు నడిచాను.

కుప్పం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు, అక్కడ బస్సు మారి సోమల. క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎలాగూ మట్టిలోకి పోయేవే అయినా, ఆరిపోతే అతుకు చెడుతుందన్న అలవాటు కొద్దీ అందులో నీళ్లు పోసే తెచ్చాను. మలుపు వచ్చినప్పుడల్లా ఆ నలభై అచ్చులూ ఒకదానికొకటి తగిలి లోపల కటకటమని శబ్దం చేసేవి, చలికి పళ్లు కొట్టుకున్నట్టుగా. పక్కన కూర్చున్న పెద్దావిడ, పాలా అమ్మా అని అడిగింది. కాదన్నాను. ఆమె కాసేపు ఆ శబ్దం విని, కొంగు సర్దుకుని కొంచెం అవతలికి జరిగి కూర్చుంది.

సోమల దిగి నడిచి వెళ్లేసరికి ఎండ వాలుతోంది. అత్తను వాకిట్లో పందిరి గుంజకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. అత్త భర్త ఎప్పుడో పోయాడు. ఆయన తమ్ముడు, ఆ ఇంటికి పెద్ద, గడప పక్కన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. సున్నపు డబ్బీ ఆయన ఒళ్లో ఉంది. నేను క్యాను మూత తీసి, నీళ్లు ఒంపి, అచ్చులన్నీ ఒక చాట మీద పోశాను. ముసలాయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేందిమ్మా, సిగురుతో సహా తెచ్చినావే!"

ఆడవాళ్లలో ఎవరో ఆపుకోలేక నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపందుకుంది. బావ వంగి చాట వైపు చూశాడు. "ఈట్లో అమ్మవి యావి మే?"

"తెలీదు బావా. ఆరుండాయి. యావో తెలీదు."

బావ నా మొహంలోకి చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. బావ, వాళ్లమ్మ పైన గుమ్మం బయట నిలబడి ఉండటాన్ని చూస్తున్నాడు, అంతే. అప్పుడు ముసలాయన ఆ అచ్చును చాటలో వేసి గొంతు సవరించుకున్నాడు.

"తక్కవైతే గదరా తిప్పి తోలేది. ఎక్కవుంటే ఇది కడపండ్లు దిగిన ముసిలిదని, అడగకనే లోపలికిడస్తారు. అన్నీ పెట్టు."

"ఆ పండ్లోళ్లు రేపు పైకొచ్చి మావి మాకియ్యమంటే?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"అడిగితే ఇస్తాది. ఆయమ్మ యెవురి సొమ్మన్నా పెట్టుకున్న మనిసా? లెయ్యండి, పొద్దు గూకతాండాది."

ఇంటి వెనక చేనులోనే గొయ్యి తవ్వారు. డబ్బీలో ఉన్నవి అత్త నోట్లో పెట్టారు. నలభై అచ్చులనూ తెల్లటి గుడ్డలో మూటగట్టి తల పక్కన, చెవికి ఆనేటట్టు పెట్టారు. మట్టి పడేటప్పుడు మొదటి రెండు పారలకు ఆ మూట లోపల కటకటమన్నది. మూడో పారకు ఆగిపోయింది.

నేను మదనపల్లెకు తిరిగివచ్చాక మళ్లీ గారపళ్లు పోగుచేద్దామన్నాను. పెద్ద డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆయన నాతో పని గురించి తప్ప మరే మాటా మాట్లాడలేదు, ఏడాది తిరిగేసరికి నేనే అక్కణ్నుంచి బయటికి వచ్చేశాను. నన్ను వెంటాడినది మాత్రం అది కాదు. ముసలాయన తీర్పుతో అత్త లోపలికి వెళ్లిపోయిందనే అనుకుందాం. మిగిలిన ముప్పై నాలుగు పళ్లూ పదిమందివి, ఆ పదిమందీ అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. రేపు వాళ్ల లెక్క తక్కువవుతుంది. పగలంతా నేను దాన్ని మూఢనమ్మకమనే తలచేదాన్ని, కానీ ఏ ముసలి మనిషైనా నా కుర్చీలో నోరు తెరిస్తే ముందు ఖాళీలు లెక్కపెట్టేదాన్ని. వాళ్లకు చెప్పాలని వెతికాను. పుంగనూరులో ఆ రోజుల్లో ఎవరూ చిరునామా రాసి ఇవ్వలేదు, ఊరి పేరు చెప్పి వెళ్లేవారు. నేను చేరేసరికి కొందరు పోయారు, కొందరి జాడ దొరకలేదు.

దొరికినవాడు గొర్రెల వ్యాపారి ఒక్కడే. సంత బయట టీ తాగుతుండగా ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. బోసినోటితో పకపకా నవ్వాడు.

"బస్సు కిటికీలో టవలు ఏసినట్టు, నావి రెండూ ముందే పోయి సీటు పట్టినాయన్న మాట! మంచిదేలేమ్మా, నేను నిదానంగా వస్తా. దొబ్బులాట లేకుండా కూసోవచ్చు."

ఆ మరుసటి ఏడు అతను సంతకు రాలేదు.

ఇప్పుడు మా వైపు ఇళ్లల్లో ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు తాగుతున్నారు. గారపళ్లున్న పిల్లలు తగ్గారు, ఉన్నవాళ్లకూ పైన పింగాణీ తొడుగు వేసి తెల్లగా చేస్తున్నారు, ఫోటోల్లో అందరూ నోరారా నవ్వుతున్నారు. అది నాకు నిజంగా సంతోషం. తీసిన పన్నును ఇప్పుడు ఎవరూ తిరిగి అడగరు, తెచ్చియ్యి మే అని చెప్పే మనుషులూ లేరు, పన్ను సంచిలో పడి ఏ ఊరికో వెళ్లి కాలిపోతుంది. బావ ఉన్నన్నాళ్లూ ఆ చేనులో వేరుశెనగ వేశాడు, ఇప్పుడు కౌలుదారు టమోటా వేస్తున్నాడు. ఎముక కన్నా పన్ను ఎక్కువకాలం నిలుస్తుంది, ఆ రెసినూ ఆ ఫిల్లింగూ మట్టిలో కుళ్లవు. కాబట్టి ఈ రోజుకీ ఆ నేల కింద మా ఊరి పళ్లకు నేను కట్టిన అతుకులు ఉండే ఉంటాయి. ఊడాయో లేదో ఎవరికీ తెలియదు. ట్రాక్టరు దున్నినప్పుడు గులాబీ రంగు ముక్క ఒకటి పైకి తేలుతుందేమోనని, అటు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తాను. ఇంతవరకు ఏదీ తేలలేదు.

మొత్తం లెక్క ఇది. యంత్రం మీద విరిగిన మామూలు పళ్లు నలభై. విరగకుండా మట్టిలోకి పోయిన గారపళ్లు నలభై, అందులో అత్తవి ఆరు. పద్నాలుగు నెలల పని పోయింది. పెద్ద డాక్టరుగారు నాతో మాట్లాడే మాటా పోయింది. తమ పళ్లెక్కడున్నాయో తెలిసి వెళ్లినవాడు ఒక్కడు. తెలియక వెళ్లినవాళ్లు ఈపాటికి తొమ్మిది మంది.